తెలియని చెరువు

చేపలు పట్టువారు రెండు తెఱగులవారు. జీవనమునకై వల వేయువారు కొందఱు. వినోదమునకై గాలము వేయువారు కొందఱు. ఈ పాఠము రెండవవారిని గూర్చినది. అయినను మొదటివారి మాట నడుమ రాక మానదు. ఏలయన చెరువు వారిది.

హైదరాబాదు పాతనగరమున యాకుత్‌పురా యను పేట కలదు. పూర్వము నగరప్రాకారమునకు ఆ పేరుగల దర్వాజా యొకటి యుండెడిది. నేడు రైలుస్టేషను ఆ పేరును నిలుపుచున్నది. ఆ పేటలోని బాలుడొకడు తన చిన్నాన్నతో మీర్ ఆలం చెరువునకు పోయి గాలము వేయుట నేర్చెననుకొందము. 1806లో పూర్తియైన ఆ చెరువు ఆనకట్ట చూడదగినది. అది మట్టికట్ట కాదు. ఇరువదియొక్క రాతి కమానులను అర్ధచంద్రాకారముగా, వంపు నీటివైపునకు ఉండునట్లు, వరుసగా నిలిపి కట్టినది. కనుక గోడ ప్రక్కనే నీరు లోతుగా నుండును. గోడవారను గాలము జారవిడిచిన చాలునని మన బాలునికి అలవాటైనది.

ఆ బాలునికి దూరపు జిల్లాలోని యొక చెరువున జరుగు గాలపు పందెమునకు పిలుపు వచ్చినదనుకొందము. పందెము శ్రావణమాసమున. ఒక పూటలో పట్టిన కొరమీనుల తూకమును బట్టి గెలుపు. తూచిన చేపను ప్రాణముతో మరల నీట విడువవలెను. ఆ చెరువును అతడెన్నడును చూడలేదు. అతడేమి చేయవలెను?

ఈ ప్రశ్న అమెరికాలో ఒక పెద్ద పందెమునే పుట్టించినది. ఆ దేశమున బ్లాక్ బాస్ అను చేపను గాలముతో పట్టుట మిక్కిలి వ్యాప్తిలోనున్న క్రీడ. రే స్కాట్ అను నతడు 1967లో అర్కాన్సాస్ రాష్ట్రమునందలి బీవర్ సరస్సున దానికి పందెములు ప్రారంభించెను. 1971లో 24 మంది నేర్పరులను ఎంచి, ఎచ్చటికి పోవుచున్నారో చెప్పకయే విమానమెక్కించిరి. విమానము ఆకాశముననుండగా గాని, పందెము లేక్ మీడ్‌లో అని వారికి తెలియలేదు. అది కొలరాడో నదిపై హూవర్ ఆనకట్టవలన ఎడారి నడుమ ఏర్పడిన జలాశయము. ఎవరికిని స్థానబలిమి యుండరాదనుట ఈ యేర్పాటులోని యుద్దేశము. బాబీ మర్రే అను నతడు గెలిచి పదివేల డాలర్ల బహుమానము పొందెను. ఆ నీరు తెలియకపోయినను, నీటి స్వభావమును, చేప స్వభావమును తెలిసినవారికి కొంత దారి తోచునని దీనివలన గ్రహింపవచ్చును.

మన చెరువుల స్వభావమేమి? చెరువునకు ఒకవైపు కట్ట, దానికెదురుగా నీరు వచ్చు వాగు. కట్టయొద్ద లోతు హెచ్చు. తూము దగ్గఱ మఱియు హెచ్చు. వాగువైపునకు పోయినకొలది నేల మెల్లగా మెరకయగును. ఆ మెరకనేలను తెలంగాణమున శిఖమందురు. నిండిన నీరు పొర్లిపోవు చోటు అలుగు. దానినే మత్తడి యనియు అందురు. ఈ నాలుగింటిని కాగితముపై గుర్తించిన, తెలియని చెరువు సగము తెలిసినట్లే. మీర్ ఆలం అలవాటుతో మట్టికట్టవారను గాలము వేసినచో అది వాలుగా పేర్చిన రాళ్ళలో చిక్కుకొని తెగును.

ఇక చేప మాట. కొరమీను తెలంగాణ రాష్ట్రపు చేప. దానికి మొప్పలతోపాటు గాలిని పీల్చుకొను అవయవము కూడ తలలో నుండును. అందుచే అది నడుమ నడుమ నీటిపైకి వచ్చి గాలి మ్రింగి పోవలెను. బొచ్చె, శీలావతులవలె నడినీట తిరుగుట దానికి ప్రియము కాదు. జమ్ము, తుంగ, తామరాకుల నీడన, లోతు తక్కువైన చోట పొంచియుండి కప్పనో చిన్నచేపనో దూకి పట్టును. కావున తూము దగ్గఱి లోతునీరు ఇచ్చట పనికిరాదు; శిఖమువైపు నాచు, తుంగ పెరిగిన యంచులే వెదకవలసినవి. అమెరికా బాస్‌కును ఇట్లే పొంచి పట్టు గుణము కలదు. రబ్బరు కప్పను నాచుపై దూకించి ఎరజూపుట రెండు చేపలకును చెల్లును.

చెరువును చూచుటకు తగిన కాలము అది నిండియున్నప్పుడు కాదు. వైశాఖమాసమున, నీరు తూముదగ్గఱ కుంటవలె మిగిలినప్పుడు పోవలెను. అప్పుడు చెరువు తన యెముకలను చూపును: పాత బావి, నఱకిన తుమ్మమొద్దులు, నల్లరాతి గుండ్లు, వాగు పాత జాడ. బాలుడు కట్టపై నిలిచి, అలుగునుండి ఎన్ని యడుగుల దూరమున ఏమున్నదో వ్రాసికొనవలెను. వానలు కురిసిన పిమ్మట ఆ గుర్తులే చేపల యిండ్లగును. ఇట్టి పటమును స్వయముగా గీసిన విద్యార్థికి భూగోళశాస్త్రమున వేఱు పరీక్ష అక్కఱలేదని నా యభిప్రాయము.

వేసవిలో చూడవలసినది మఱొకటి కలదు. అది చేపకు కాదు, ప్రాణమునకు సంబంధించినది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకమున తెలంగాణమునందలి వేలకొలది చెరువుల పూడిక తీసిరి. ఆ మట్టి పొలములకు మేలు చేసినది. కాని మట్టి లోతుగా తీసిన చోట నిట్టనిలువు గుంతలు మిగులును. నీరు నిండిన పిదప అవి పైకి కనబడవు. మోకాలిలోతున నడచుచున్నవాడు ఒక్కయడుగులో మునుగును. ఆ గుంతలను పటములో ఎఱ్ఱసిరాతో గుర్తించి, వాటి దరికి పోరాదు. పందెమునాడు నీటిలో దిగక, సీసపు గుండు కట్టిన దారమునకు మూరకొక ముడి వేసి, ఒడ్డునుండి విసరి లోతు కొలువవలెను. ఈత వచ్చినవాడైనను ఒంటరిగా పోరాదు.

చెరువులోని చేపలపై హక్కు సాధారణముగా ఆ యూరి మత్స్యకారుల సహకార సంఘమునది. కావున వారి యనుమతి లేనిదే గాలము వేయరాదు. అడుగ బోయిన బాలుడు అనుమతితోపాటు వేఱొక లాభమును పొందును. ఏ గాలికి ఏ యొడ్డున చేప చేరునో, ఏ తుంగలో వల చినుగునో ముప్పదియేండ్లు ఆ నీట బ్రతికిన జాలరికి తెలియును. “తాతా, ఇచ్చట కొరమీను ఎక్కడ పడుకొనును?” అని వినయముగా నడిగిన, చెప్పని జాలరి అరుదు.

శ్రావణము వచ్చినది. చెరువు సగము నిండినది. వాగునీరు ఎఱ్ఱగా కలిసిన చోట ఎర కనబడదు. కనుక తేటనీటి యంచునకు పోవలెను. తెల్లవాఱుజామున గాలి లేదు. బాలుడు పాత బావికి ఎడమప్రక్కనున్న తుంగను చేరెను. నీటిపై ఎఱ్ఱని చిన్న మచ్చయొకటి కదలుచున్నది. పరికింపగా అది వందలకొలది పిల్లచేపల గుంపు. అన్నియు ఒక్కమాఱు పైకి వచ్చి గాలి పీల్చి దిగుచున్నవి. వాటిక్రింద తల్లిదండ్రులు కావలి కాయుచుండును. వానకాలమున కొరమీను గ్రుడ్లు పెట్టి, పిల్లలు పెరుగువఱకు వాటిని విడువదు. ఆ సమయమున ఎర చూపిన, ఆకలిచే కాక కోపముచే దూకి పట్టుకొనును. ఇంత సులభముగా దొరకు పెద్దచేప వేఱొకటి లేదు. కాని దానిని తూకమునకు కొనిపోయి తిరిగి విడుచు నంతలో జెల్లలు, ఇతర చేపలు ఆ పిల్లలను మ్రింగివేయును. వానకాలమున పందెము పెట్టకుండుటయే మేలని నా తలంపు. అయినను పిలుపు వచ్చినది, బాలుడు వచ్చినాడు.

ఎదుటి యొడ్డున ఎవరికో మొదటి చేప పడినట్లు కేక వినబడెను. బాలుడు దారమును చుట్టి, పుస్తకము తెఱచి, పటములో ఆ తుంగకు అడ్డగీత గీచి, రాతిగుండ్లవైపునకు నడచెను.