నోటి ఆరోగ్యము – నేత కుటుంబములకు ఒక పాఠము



ఈ పత్రికలో నూలు ధరలు, రంగులు, రిబేటు మొదలగు సంగతులు వ్రాయుట నాకు అలవాటు. ఈ మాసము నోటిని గూర్చి, దంతములను గూర్చి వ్రాయుచున్నాను. సంఘ కార్యదర్శికి వైద్యముతో పనియేమి అని కొందరు అడుగవచ్చును. నేను వైద్యుడను కాను, మెట్రిక్ వరకు చదివినవాడను. ఈ పాఠము నాకు ఎట్లు తెలిసివచ్చినదో మొదట చెప్పెదను.

రెండేండ్ల క్రిందట షోలాపురములోని మా సంఘ సభ్యుడొకడు నా బల్ల యెదుటికి వచ్చెను. అంచు నేయుటలో అతనికి సాటివచ్చువారు మాలో తక్కువ. "అన్నా, కారం తింటే నోరంతా మండుతున్నది. నోరు కూడా సరిగ తెరుచుకుంట లేదు. డాక్టరుకు చూపెట్టుకోవాలె, వెయ్యి రూపాయలు అడ్వాన్సు ఇయ్యి" అని అడిగెను. లెక్కలు ముగియలేదనియు, వచ్చే నెల పంపిణీ దినమున చూతమనియు నేను చెప్పితిని. అతడు మరల అడుగలేదు. ఆరు నెలలకు అతని భార్య వచ్చెను. అప్పటికి బుగ్గలోని పుండు దవడ యెముకను పట్టినది. ఆపరేషనులో దవడ కొంత తీసివేసిరి. అతడు బ్రతికియున్నాడు, పూటకు కొంతసేపు మగ్గముపై కూర్చుండుచున్నాడు. కాని అతని మాట మనకు తెలియదు. అతడన్నది భార్య విని మనకు చెప్పవలెను. ఆ వెయ్యి రూపాయలు ఆ దినముననే ఇచ్చియుండిన నేమగునో నేను చెప్పలేను. ఇచ్చియుండవలసినదని మాత్రము చెప్పగలను. అందుచేత డాక్టర్లను అడిగి తెలిసికొన్నది మీ ముందుంచుచున్నాను.

1. పన్ను ఎట్లు పుచ్చును?

"పంటిలో పురుగు పడినది" అని మన పెద్దలందురు. కంటికి కనబడు పురుగేదియు అందులో లేదు. దంతములపై తెల్లగా, మెత్తగా అంటుకొను పాచిలో కంటికి కనబడని సూక్ష్మజీవులుండును. మనము తిను చక్కెరను అవి పులియబెట్టి ఆమ్లము పుట్టించును. ఎనామెల్ అను పంటి పైపొర శరీరములో అన్నిటికంటె గట్టిది, అయినను ఆమ్లమునకు కరగును. తీపి నోట పడిన ప్రతిసారియు సుమారు అరగంట సేపు ఈ కరుగుట సాగును. పిమ్మట లాలాజలము ఆ నష్టమును కొంత పూడ్చును. తీపి వెంట తీపి పడుచుండిన పూడ్చుటకు వ్యవధి చిక్కదు.

కావున ఎంత చక్కెర తింటిమన్నదానికంటె ఎన్నిసార్లు తింటిమన్నది ముఖ్యము. మగ్గముపై కూర్చున్నవాడు ఉదయము నుండి రాత్రి వరకు ఏడు కప్పుల తీపి టీ త్రాగెననుకొందము. ఏడు అరగంటలు, అనగా మూడున్నర గంటలు అతని పళ్లు ఆమ్లములో నానినట్లే. టీ మానుమని నేను చెప్పను. రెండు మూడు సార్లకు తగ్గించుడు, చక్కెర తగ్గించుడు, త్రాగిన వెంటనే నీళ్లు పుక్కిలించుడు.

మొదట పంటిపై సున్నపు మచ్చ వంటి తెల్లని మచ్చ కనబడును. తరువాత చిన్న గుంట. అప్పుడు నొప్పి యుండదు, ఒక్కసారి కూర్చుండి నింపించుకొనిన చాలును. నరము వరకు పోయిన తరువాతనే రాత్రులు నిద్రపట్టని పోటు వచ్చును. పడుగులో ఒక పోగు తెగినప్పుడే ముడివేయువాడు పంటి విషయములో మాత్రము బట్ట చిరుగువరకు ఎందుకు ఆగవలెను?

2. చిగుళ్లు

పాచి తీయక వదలిన అది గట్టిపడి గార యగును. గార వద్ద చిగురు వాచి, తోమునప్పుడు నెత్తురు వచ్చును. నెత్తురు వచ్చినదని తోముట మానుట మన వారు చేయు పెద్ద పొరపాటు. మానకుండ మెత్తని బ్రష్‌తో మెల్లగా తోమవలెను. గట్టిపడిన గార బ్రష్‌కు రాదు, దంతవైద్యుడు తీయవలెను. గార తీసిన పళ్లు కదలుననుట అపోహ. కదలిక అంతకుముందే వచ్చియుండును, గార దానిని మరుగుపరచును, అంతే. మధుమేహము గలవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురును, చిగుళ్ల జబ్బు ముదిరిన మధుమేహము అదుపు తప్పును. కావున షుగరు ఉన్నవారు చిగుళ్లు తప్పక చూపించుకొనవలెను.

పై పన్ను తీయించిన కండ్లు పోవుననుటయు నిజము కాదు. పంటి నరములు వేరు, కంటి చూపు నరము వేరు. ఆ భయముచే చీము పట్టిన పన్నును ఉంచుకొనుటయే ప్రమాదము. చీము వలన కంటి క్రింద గాని, దవడ క్రింద గాని వాపు వచ్చి, జ్వరము, మ్రింగుట కష్టము తోడైన ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

3. తోమువిధము

బొగ్గు, ఇటుకపొడి, కచ్చిక బూడిద, ముతక ఉప్పు పైపొరను అరగదీయును. వేపపుల్ల మంచిదే. అయితే కొన బాగుగా నమలి మెత్తగా చేసి, చిగుళ్లకు గీరుకొనకుండ వాడవలెను. పిప్పిపన్ను రాకుండుటకు ఫ్లోరైడు గల పేస్టు మేలు. ధర యెక్కువైన పేస్టు అక్కరలేదు. డబ్బాపై ఫ్లోరైడు 1000 పి.పి.ఎం. అని యుండిన చాలును. ఉదయమొకసారి, రాత్రి పడుకొనబోవు ముందొకసారి, రెండేసి నిమిషములు తోమవలెను. రెండింటిలో రాత్రిది ముఖ్యము, నిద్రలో లాలాజలము తగ్గును గనుక. పేస్టు ఉమిసివేయుడు, చెంబెడు నీళ్లతో కడిగివేయకుడు. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుండి ఆరేండ్ల వారికి బఠాణీ గింజంత పేస్టు చాలును.

నల్లగొండ వైపు మనకు బంధువులు గలరు. అక్కడ పలుచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు మితిమీరి, పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు పడుటయు, ఎముకలు వంకర పోవుటయు జరిగినది. మద్రాసు రాష్ట్రములో నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బును గూర్చి డాక్టర్లు 1937లోనే వ్రాసిరి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చునని మన దేశపు ప్రమాణము. నీరు కాచిన ఫ్లోరైడు పోదు. అట్టి ఊళ్లవారు నీటిని పరీక్ష చేయించి మంచి నీరు త్రాగవలెను. ఆ చారలు పుచ్చు కాదు, తోముడులో లోపమును కాదు. పిల్లలను నిందింపరాదు.

4. పోగు కొరుకుట

తెగిన పోగును ముడివేసి కొనను పంటితో కొరుకుట మనకు చేతివాటము. ఏండ్ల తరబడి ఒకే చోట కొరికిన ముందుపళ్ల అంచు గాడిపడి విరుగును. రంగు నూలైన ఆ రంగు నోటిలోనికి పోవును. చిన్న కత్తెరను త్రాడుతో మగ్గమునకు కట్టుకొనుడు. నాడె కంటిలోనుండి పోగును నోటితో పీల్చుట కూడ మానుడు. దుమ్ము లోపలికి పోవును, ఒకరి నాడె మరొకరు పీల్చిన జబ్బులు అంటుకొనును.

5. పొగాకు, వక్క

ఈ పాఠములో ఇది ముఖ్యభాగము. కూర్చున్నచోట కదలని పని మనది. నిద్ర రాకుండుటకని, ఆకలి తెలియకుండుటకని నోట ఏదో ఒకటి వేయుట మనలో పాతుకొనిపోయినది. ఊరిని బట్టి దాని పేరు మారును. మహారాష్ట్రములో మన స్త్రీలు పొగాకును కాల్చి పొడిచేసిన మిశ్రీతో పళ్లు తోముదురు. మగవారికి మావా, గుట్కా. ఒడిశాలో బెల్లము కలిపిన గుడాఖు. కర్ణాటక, తమిళనాడులలో తాంబూలముతో పొగాకు కాడ. శ్రీకాకుళము, విశాఖ తీరమున స్త్రీలు చుట్ట నిప్పు కొనను నోటిలోపల పెట్టుకొని త్రాగు అడ్డపొగ. దాని వేడికి అంగిలి కాలి, అక్కడనే క్యాన్సరు పుట్టును.

మిశ్రీ పళ్లకు మంచిదని మా అమ్మయు నమ్మినది. నొప్పి తగ్గినట్లు తోచుటకు కారణము పొగాకు మత్తే గాని మందు గుణము కాదు. పంటిపోటుకు పెట్టుకొన్న చిటికెడు పొగాకే జీవితకాలపు అలవాటుగా మారుట మన ఇండ్లలో చూచుచున్నాము. పేస్టులలోను, పళ్లపొడులలోను పొగాకు కలుపుటను భారత ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. మహారాష్ట్ర ప్రభుత్వము గుట్కాను 2012లో నిషేధించినది. చాటున అమ్ముచున్నారనుట వేరు సంగతి.

"నేను పొగాకు వేయను, వట్టి వక్కయే" అనువారు వినవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో వక్కను కూడ క్యాన్సరు కలిగించు వస్తువుగా తేల్చినది. వక్క వలన బుగ్గల లోపలి పొర నారకట్టి గట్టిపడును. మొదట కారము మండును, పిదప నోరు తెరచుకొనదు. మా సభ్యుడు నాతో చెప్పిన మాటలు ఈ రెండే. ఆ దినమున వాటి అర్థము నాకు తెలియదు. ఇప్పుడు మీకు తెలిసినది.

మానదలచినవారు ఒక దినము నిర్ణయించి ఇంటివారికి చెప్పవలెను. డబ్బాను, సంచిని ఇంటిలో ఉంచరాదు. కోరిక వచ్చినప్పుడు అది కొన్ని నిమిషములే యుండును. అప్పుడు సోపుగాని, లవంగముగాని వేసికొని, నీళ్లు త్రాగి, లేచి నాలుగడుగులు నడువుడు. చిరాకు, నిద్రలేమి కొన్ని వారములలో తగ్గును. 1800-11-2356 అను ప్రభుత్వ టెలిఫోనుకు ఖర్చు లేకుండ మాట్లాడి సలహా పొందవచ్చును.

6. పిల్లల విషయము

ఆరేండ్ల వయసున పాలపళ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, ఒక పెద్ద దవడపన్ను వచ్చును. పాలపన్నే కదా, ఊడిపోవునని తల్లులు దానిని విడిచిపెట్టుదురు. అది జీవితాంతము ఉండవలసిన పన్ను. దానిని ప్రత్యేకముగా చూడుడు. తీపి పాలసీసా నోట పెట్టి పిల్లలను నిద్రపుచ్చరాదు. గర్భిణులకు చిగుళ్లు వాచి నెత్తురు వచ్చుట కలదు. వారు తోముట మానరాదు, దంతవైద్యునికి చూపుటకు జంకరాదు, గర్భము సంగతి ముందుగా చెప్పిన చాలును.

7. నెలకొకసారి నోరు చూచుకొనుట

వెలుతురులో అద్దము ముందు నిలిచి, చేతులు కడుగుకొని చూడుడు. పెదవుల లోపలి భాగము, రెండు బుగ్గలు, నాలుక పైన, ప్రక్కల, క్రింద, అంగిలి, చిగుళ్లు వరుసగా చూడవలెను. మెడపై గడ్డలున్నవేమో తడవవలెను. మూడు వ్రేళ్లు ఒకదానిపై నొకటి నిలువుగా పెట్టి నోటిలో పట్టునో లేదో చూడవలెను. ఈ క్రింది వాటిలో ఏదియైనను రెండు వారములు దాటి యున్న వెంటనే డాక్టరుకు చూపవలెను: మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, గడ్డ, కారణము లేక కదలు పన్ను, తగ్గుచున్న నోటి తెరపు. నొప్పి లేదని ఊరకుండరాదు. మొదటి దశలో ఈ జబ్బుకు నొప్పి యుండకపోవచ్చును.

8. ఎక్కడికి పోవలెను?

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమము 2014–15లో మొదలైనది. జిల్లా ఆసుపత్రులలోను, చాలాచోట్ల సామాజిక ఆరోగ్య కేంద్రములలోను దంతవైద్యులు గలరు. దంతవైద్య కళాశాలలలో తక్కువ ఖర్చుతో పని జరుగును. అనుమానపు మచ్చలకు మా జిల్లాలో బార్శీ క్యాన్సరు ఆసుపత్రి కలదు. గ్రామీణ ప్రజల క్యాన్సరు లెక్కలు దేశములో మొదట 1987లో అక్కడనే మొదలైనవి. బెంగుళూరు వారికి కిద్వాయి, తమిళనాడు వారికి 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు స్థాపించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఒడిశా వారికి కటకములోని ఆచార్య హరిహర్ ఆసుపత్రి, యానాము వారికి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి కలవు. ఆయుష్మాన్ కార్డు గాని, మహారాష్ట్రములో మహాత్మా ఫులే పథకము గాని వర్తించువారు రేషను కార్డు, ఆధారు వెంట తీసికొనిపోవలెను.

9. సంఘములు చేయదగినది

మా సంఘము ఇప్పుడొక నియమము చేసికొన్నది. నోటి పరీక్షకై అడ్వాన్సు అడిగిన సభ్యునికి ఆ దినముననే ఇవ్వవలెను, కమిటీ సంతకము తరువాత. ఏటేట నారళీ పున్నమి మార్కండేయ ఉత్సవమునకు ముందు వచ్చు ఆదివారము దంతవైద్యుని పిలిపించి, పెద్దలకు, పిల్లలకు, బీడీలు చుట్టు మన ఆడపడుచులకు నోళ్లు చూపించుచున్నాము. నూలు గోదాములో పొగాకు నిషేధించితిమి. ఇందులో పెద్ద ఖర్చేమియు లేదు. తక్కిన ఊళ్ల సంఘములు కూడ చేయవచ్చును.

ఈ పాఠమును చదువు రానివారికి చదివి వినిపించి, ఈ ప్రశ్నలు అడుగుడు:

ఏడు కప్పుల తీపి టీ పళ్లకు ఎంతసేపు కీడు చేయును? చిగుళ్ల నెత్తురు వచ్చిన తోముట మానవలెనా? వట్టి వక్క క్షేమమా? మీ నోట మూడు వ్రేళ్లు పట్టుచున్నవా?

కడపటి ప్రశ్నకు జవాబు నోటితో చెప్పనక్కరలేదు, వ్రేళ్లతో చూపిన చాలును. పట్టనివారు పంపిణీ దినము కొరకు ఆగవలదు. రేపు ఉదయమే కార్యదర్శి బల్ల యొద్దకు రండు.