పదేపదే స్పృహ తప్పుతుంటే జీవితాంతం మందులు వాడాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. ఆత్మకూరులో చదువుతోంది. ఎండలో నిలబడినా, సూది గుచ్చినా సొమ్మసిల్లి పడిపోతోంది. ఇప్పుడు బస్సెక్కాలంటేనే భయపడుతోంది. మూర్ఛ అంటున్నారు. జీవితాంతం మందులు వాడాలా?
– ఒక తల్లి, ఉదయగిరి

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు మూర్ఛవి కాకపోవచ్చు. వేగస్ నరం అతిగా స్పందించి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా తగ్గితే మెదడుకు రక్తం చాలక ఇలా సొమ్మసిల్లుతారు. పడుకోబెట్టగానే తెలివి వస్తుంది. చేతిలో తాళాలు పెట్టి, లేపి కూర్చోబెట్టకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టండి.

ముందు ఈసీజీ తీయించి, పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ చూపించండి. పరుగెత్తుతుండగా పడిపోయినా, ముందు గుండె దడ వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణాలున్నా వెంటనే గుండె వైద్యుల్ని కలవాలి.

చాలామందికి మందులు అక్కర్లేదు. మన మెట్టప్రాంతపు ఎండల్లో రోజుకు రెండు, మూడు లీటర్ల నీళ్లు తాగాలి. బీపీ, కిడ్నీ జబ్బులు లేకుంటే డాక్టరు సలహాతో ఉప్పు కాస్త పెంచవచ్చు. కళ్లు చీకట్లు కమ్మగానే కాళ్లు మెలివేసి, తొడలు, పిడికిళ్లు గట్టిగా బిగించాలి; వీలుంటే పడుకోవాలి.

అయినా తగ్గకపోతే మిడోడ్రిన్ అనే మందు ఇస్తారు. 2021లో ఫలితాలు వెలువడిన ఒక ఔషధ పరీక్షలో ఏడాదిలో మళ్లీ పడిపోయినవారు ఈ మందు వాడినవారిలో 42 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 61 శాతం. నిద్రకు నాలుగు గంటల ముందే చివరి మాత్ర వేసుకోవాలి. లేకుంటే పడుకున్నప్పుడు బీపీ పెరుగుతుంది. జీవితాంతం వాడాల్సిన పని సాధారణంగా ఉండదు.

అమ్మాయి భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏం చేయాలో స్నేహితురాళ్లకూ నేర్పించండి, చదువు మాత్రం మాన్పించకండి.