ట్రాక్ నుంచి ఇంటికొచ్చే దారిలో

మెల్‌బోర్న్‌లో మాకు బాగా తెలిసినవాళ్ళ అబ్బాయి కార్టింగ్ చేస్తాడు. పదకొండేళ్ళు. ఒక ఆదివారం వాళ్ళతోపాటు నేనూ వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు వాడు వెనక సీట్లో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే లాగుతూ కూర్చున్నాడు. "ఆ మూడో మలుపులో వాణ్ణి ఎందుకు ముందుకు పోనిచ్చావురా?" అని నాన్న అడుగుతూనే ఉన్నాడు. ఇల్లు చేరేదాకా పిల్లాడు నోరు విప్పలేదు.

ఆస్ట్రేలియా టూరింగ్ కార్ రేసుల్లో పైకొస్తున్న కుర్ర డ్రైవర్లకు మైక్ కేబుల్ యంగ్ గన్ అనే అవార్డు ఇస్తారు. మోటారు రంగం గురించి రాసిన ఒక పాత్రికేయుడి పేరు అది. రేసు గెలిస్తే కప్పు ఎలాగూ ఉంది. ముందుముందు ఎదుగుతాడనిపించిన పిల్లల భుజం తట్టేందుకు ఇంకొకటి పెట్టడం నాకెంతో నచ్చింది. దాన్ని మాత్రం ఎంసెట్ ర్యాంకులా, రాకపోతే ఇక భవిష్యత్తే లేదన్నట్టు చూడకండి.

డ్రైవర్ జేమీ విన్‌కప్ సంగతే చూడండి. ఏడేళ్ళకే కార్టు ఎక్కాడు. 2002లో ఆస్ట్రేలియా ఫార్ములా ఫోర్డ్ చాంపియన్. 2003లో టూరింగ్ కార్లలో పూర్తి సీజన్ దక్కింది. సీజన్ అయ్యేసరికి జట్టు వద్దనుకుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు, చేతిలో బండి లేదు. అదే కుర్రాడు 2006 నుంచి వరసగా మూడేళ్ళు క్రెయిగ్ లౌండ్స్‌తో కలిసి బాథర్స్ట్ 1000 రేసు గెలిచాడు. ఆ టూరింగ్ కార్ల పోటీ సూపర్‌కార్స్‌లో ఏడుసార్లు చాంపియన్ అయ్యాడు.

మీ పిల్లాడూ ఓడి ఇంటికొచ్చే సాయంత్రం ఒకటి వస్తుంది. ముందు అన్నం పెట్టండి. రేసు సంగతి మర్నాడు, అదీ వాడు ఎత్తితేనే. టైర్లకూ ఇంజనుకూ బోలెడు ఖర్చవుతుంది, నిజమే. మీరెంత పెట్టగలరో ముందే కూర్చుని తేల్చుకోండి. ఓడిన రోజున మాత్రం "నీకోసం ఇంత పోశాం" అనకండి. ఆ మాట ఏళ్ళ తరబడి గుచ్చుకుంటుంది.

వీలైతే పిల్లల్ని బాథర్స్ట్ తీసుకెళ్ళండి. అక్కడి మౌంట్ పనోరమా ట్రాక్ 6.213 కిలోమీటర్లు. రేసు రోజున కాన్‌రాడ్ స్ట్రెయిట్ మీద కార్లు గంటకు 300 కిలోమీటర్ల దాకా అందుకుంటాయి. రేసుల్లేని రోజుల్లో అది అందరూ తిరిగే రోడ్డు, 60 దాటకూడదు. స్టీరింగ్ మీరే పట్టుకుని, ఆ చుట్టంతా 60 లోపే నడిపి చూపించండి. వేగం ఎక్కడిదక్కడేనని చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఇంకో ఐదేళ్ళకు ఆ అబ్బాయి రోడ్డు మీద డ్రైవింగ్ నేర్చుకుంటూ కారుకు ఎల్ ప్లేటు తగిలిస్తాడు. విక్టోరియాలో ఆ వయసువాళ్ళు లాగ్‌బుక్‌లో 120 గంటలు నింపాలి. చాలా ఇళ్ళలో ఆ గంటలన్నీ పక్క సీట్లో కూర్చునేది అమ్మో నాన్నో. అప్పుడు మీ పిల్లాడు మీతో మనసు విప్పి మాట్లాడాలంటే, వచ్చే ఆదివారం ఆ మూడో మలుపు సంగతి అడక్కండి.