రాత్రి భోజనము - నిద్ర

కడప జిల్లా వేంపల్లె మండలములోని ఒక గ్రామమున కొన్ని సంవత్సరముల క్రిందట రాత్రి తొమ్మిది గంటలకు ఒక సభ ఏర్పాటయినది. త్రాగునీటి కొళాయి ప్రక్కనే పారుచున్న మురుగు కాలువను మరలించుటకు తీర్మానము చేయవలసియుండెను. దానిపై ప్రసంగించుటకు ఈ వ్యాస రచయిత వెళ్లియుండెను. సభకు ముందు గ్రామస్థులు ఆదరముతో భోజనము పెట్టిరి. రాగి సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. ప్రసంగము ప్రారంభమైన పావుగంటకే ముందు వరుసలోని వారి తలలు వాలినవి. అరగంటకు వెనుకవైపునుండి గురక కూడ వినవచ్చెను. తీర్మానము వాయిదాపడినది. వార్డు సభ్యురాలొకరు లేచి, "తప్పు మాది గాదు సార్, సంగటిది. అది కడుపులో పడినాక కండ్లు నిలబడవు" అనిరి. అందరును నవ్విరి.

ఆ రాత్రి పాఠశాల వసారాలో మంచముపై పరుండిన వక్తకు మాత్రము రెండు గంటలు దాటువరకు నిద్ర రాలేదు. ఆయన తిన్నదియు ఆ సంగటియే. సంగటియే నిద్రకు కారణమైనచో అది ఒకరిని నిద్రపుచ్చి మరియొకరిని మేలుకొలుపనేల? పంచాయతీ సభ్యులు ఈ ప్రశ్నను వినోదముగా మాత్రమే తీసికొనరాదు. రాత్రివేళ పొలమునకు నీరు కట్టువారు, అడవిపందులనుండి పైరును కాచువారు, అరటిగెలల లారీలు నడుపువారు, వసతిగృహములలో చదువుకొను పిల్లలు మన గ్రామములందే యున్నారు. వీరిలో కొందరికి నిద్ర రావలయును, కొందరికి రాకూడదు.

నిద్ర వచ్చుటకు రెండు కారణములు ముఖ్యము. మొదటిది అలసట. శరీరములోని ప్రతి పనికిని శక్తి నందించు పదార్థమునకు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అని పేరు. భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి దీనిని కండరములలో కనుగొని 1929లో ప్రకటించిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ విడిగా దీనిని కనుగొనెను. మెదడు మేలుకొని పనిచేయుకొలది ఇట్టి శక్తి ఖర్చుతో అడినోసిన్ అను పదార్థము అందు పేరుకొనుచుండును. అది పేరుకొన్నకొలది కనురెప్పలు బరువెక్కును. తెల్లవారుజామున లేచి ఎండలో కలుపు తీసినవారికిని, జీపులో కూర్చుండి వచ్చిన ఉద్యోగికిని ఈ లెక్క ఒకటి కాదు.

రెండవది శరీరములోని గడియారము. చీకటి పడిన పిమ్మట మెదడులోని ఒక గ్రంథినుండి మెలటోనిన్ అను స్రావము వెలువడును. శరీరపు వేడి కొంచెము తగ్గును. అర్ధరాత్రి దాటినది మొదలు తెల్లవారుజాము నాలుగు గంటల వరకు నిద్రమత్తు మిక్కిలి బలముగా నుండును. మధ్యాహ్నము రెండు నాలుగు గంటల నడుమ కొంచెము తక్కువగా మరియొకమారు వచ్చును. మధ్యాహ్నపు కునుకునకు అన్నమునొక్కదానినే నిందించుట న్యాయము కాదు. ఉపవాసమున్నవారికిని ఆ వేళకు ఆవులింతలు వచ్చుచుండును.

ఈ రెండింటి పైని ఆహారము పనిచేయును. భోజనము చేసిన వెంటనే రక్తమంతయు కడుపునకు దిగిపోవుటచే మెదడునకు కొరత కలిగి నిద్ర వచ్చునని చాలమంది చెప్పుదురు. ఇది సరికాదు. తనకు కావలసిన రక్తమును మెదడు ఎప్పుడును నిలుపుకొనును. అసలు సంగతి వేరు. అన్నము, సంగటి వంటి పిండి పదార్థములు జీర్ణమై చక్కెరగా రక్తమున చేరగా ఇన్సులిన్ ఊరును. అది మాంసకృత్తుల నుండి వచ్చు ఆమ్లములను పెక్కింటిని కండరములలోనికి పంపివేయును. ట్రిప్టోఫాన్ అను ఆమ్లము మాత్రము రక్తమున మిగిలి, పోటీ తగ్గుటచే మెదడులోనికి సులువుగా ప్రవేశించును. దానినుండియే సెరటోనిన్, దానినుండి మెలటోనిన్ తయారగును. తిరుణాళ్లలో తోపులాట తగ్గిన పిమ్మట ముసలివారికి గుడిలోనికి దారి దొరకినట్లని దీనిని అనుకొనవచ్చును.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 12 మంది ఆరోగ్యవంతులైన పురుషులపై జరిపిన పరిశోధన 2007లో ప్రకటింపబడినది. త్వరగా జీర్ణమగు బియ్యపు అన్నమును పడకకు నాలుగు గంటల ముందు తిన్నపుడు వారికి సగటున 9 నిమిషములలో నిద్రపట్టినది. నెమ్మదిగా జీర్ణమగు బియ్యపు అన్నము తిన్నపుడు పదునేడున్నర నిమిషములు పట్టినది. గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ఆ త్వరగా జీర్ణమగు అన్నమునే పడకకు ఒక గంట ముందు తిన్నపుడు సుమారు పదునాలుగున్నర నిమిషములు పట్టినది. అనగా ఏమి తింటిమి అనునదెంత ముఖ్యమో, ఎప్పుడు తింటిమి అనునదియు అంతే ముఖ్యము. పన్నెండుమంది చాల తక్కువ సంఖ్యయే. ఐనను మన పెద్దలు దీపము పెట్టు వేళకే సంగటి తిని, అరుగుపై కొంతసేపు మాటలాడుకొని పరుండిన అలవాటు దీనితో సరిపోవుచున్నది. విద్యుద్దీపము, టెలివిజను, ఇపుడు సెల్‌ఫోను వచ్చి ఆ భోజనమును తొమ్మిదికి, పదికి జరిపినవి.

ఇది చదివి మధుమేహము గలవారు నిద్రకొరకు రాత్రి అన్నము పెంచరాదు. త్వరగా నిద్రపట్టుట వేరు, మంచి నిద్రపట్టుట వేరు. రాగి ఆరోగ్యమునకు మంచిదే. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. ఐనను మెత్తగా విసరిన పిండిని బియ్యముతో ఉడికించి ముద్ద చేసినపుడు అదియు త్వరగనే చక్కెరగా మారును. రాగి కదా యని ముద్దపై ముద్ద వేసికొనుట పొరపాటు.

పడుకొనుటకు ముందు గోరువెచ్చని పాలు త్రాగిన నిద్ర వచ్చునని ఇంటింటను నమ్మకము. పాలలో ట్రిప్టోఫాన్ ఉన్నమాట నిజమే. ఒక గ్లాసులో సుమారు నూరు మిల్లీగ్రాములుండును. నిద్ర త్వరగా వచ్చినట్లు పరిశోధకులు గమనించిన మోతాదు ఒక గ్రాము, అనగా పది గ్లాసుల పాలు! అన్ని పాలు త్రాగినవారు రాత్రియంతయు దొడ్డికి తిరుగుటతోనే సరిపోవును. ఐనను నిత్యము ఒకే వేళకు పిల్లవానికి పాలిచ్చి పరుండబెట్టు తల్లి చేయునది వృథా కాదు. ఆ వేళ, ఆ వెచ్చదనము, ఆ అలవాటు పిల్లవానికి నిద్రవేళను గుర్తుచేయును.

ట్రిప్టోఫాన్ విషయమున తెలుగునాటి కథ యొకటి కలదు. శరీరము దీనినుండి నియాసిన్ అను విటమినును కూడ కొంత తయారుచేసికొనును. నియాసిన్ కొరతవలన పెల్లాగ్రా అను వ్యాధి వచ్చును. చర్మము నల్లబడి పగులును, విరేచనములగును, మనస్సు చెదరును. నిద్రలేమి కూడ దాని లక్షణములలో ఒకటి. కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు మారిన పోషకాహార పరిశోధనశాల 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య గారలు దక్కనులో జొన్నలే ప్రధానాహారముగా గల పేదలలో ఈ వ్యాధిని చూచి, జొన్నలోని ల్యూసిన్ అను ఆమ్లపు ఆధిక్యము దీనికి కారణమై యుండవచ్చునని 1960లో ప్రకటించిరి. ఆ కారణముపై తరువాత చర్చలు జరిగినవి. ఐనను ఒకే ధాన్యముతో కడుపు నింపుకొనువానికి నిద్రతో సహా ఎన్నో చెడునని ఆ రోగులను చూచిన తెలియును. వేరుశెనగలో నియాసిన్ సమృద్ధిగా కలదు. జొన్నరొట్టె ప్రక్కన శెనక్కాయల ఊరిబిండి పెట్టిన మన అవ్వలకు ఈ పేర్లేవియు తెలియవు. వారి పళ్లెము మాత్రము సరిగానే యుండెను.

ఇపుడు నిద్రను చెరచువాని సంగతి. మొదటిది టీ. ఆనాటి వక్తకు ప్రసంగము ముగిసిన పిమ్మట మర్యాదకొరకు రెండు గ్లాసుల చిక్కని టీ ఇచ్చిరి. టీలోను కాఫీలోను నుండు కెఫీన్ మెదడులో అడినోసిన్ కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. అలసట పోదు, అది తెలియకుండ పోవును. త్రాగిన కెఫీనులో సగము సుమారు ఐదు గంటల వరకు శరీరమున నిలిచియుండును. 400 మిల్లీగ్రాముల కెఫీనును పడకకు ఆరు గంటల ముందు పుచ్చుకొన్నను నిద్ర ఒక గంటకు పైగా తగ్గినట్లు 2013లో అమెరికాలో తేలినది. మన చిన్న గ్లాసు టీలో అంత ఉండదు. కాని సాయంకాలము అంగడివద్ద నాలుగైదు మార్లు త్రాగి, రాత్రి నిద్ర రాలేదని మాత్రలకొరకు పోవువారు మొదట ఆ గ్లాసులను లెక్కింపవలయును.

కారము తగ్గించుడని రాయలసీమలో చెప్పుట సాహసమే. ఐనను 1992లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆరుగురు యువకులకు రాత్రి భోజనములో మిరప పులుసు, ఆవపిండి కలిపి పెట్టగా వారి శరీరపు వేడి పెరిగి నిద్ర చెదరినది. నిద్రకు ముందు శరీరము చల్లబడవలయునని పైన చెప్పియుంటిమి. దీనికి తోడు నూనె, మాంసము ఎక్కువగా తిని వెంటనే వెల్లకిల పరుండినచో పులిత్రేన్పులు, ఛాతీలో మంట కలుగును. భోజనమునకు పడకకు నడుమ రెండు మూడు గంటలుండిన ఈ బాధ చాలవరకు తప్పును. సారా, బ్రాందీల విషయము వేరుగా వ్రాయవలసినది. త్రాగినవాడు త్వరగా పడిపోవును గాని అర్ధరాత్రి దాటగానే నిద్ర ముక్కలగును.

మేలుకొనియుండవలసిన వారి సంగతి మరింత గంభీరమైనది. రాత్రివేళ వ్యవసాయ విద్యుత్తు వచ్చిన కాలమున మోటారు వేయుటకు పోయి, మత్తులో తడిచేతితో స్టార్టరును ముట్టి ప్రాణములు కోల్పోయిన రైతులు కలరు. గట్టుమీద పామును చూడనివారును కలరు. శ్రావణ శనివారములందు గండి ఆంజనేయస్వామి దర్శనమునకు వచ్చు భక్తులు పగలంతయు ఉపవాసముండి, రాత్రి కడుపునిండ తిని, అదే రాత్రి బండి నడుపుకొని పోవుటయు ఇట్టిదే. అట్టి రాత్రి ముందుగా, మితముగా తినుట మంచిది. నడుమ ఆకలియైనచో బొరుగులు, వేయించిన శెనక్కాయలు చాలును. వీలైనచో బయలుదేరుటకు ముందు అరగంట కునుకు తీయవలయును. టీ త్రాగదలచిన కావలి మొదటనే త్రాగవలయును. తెల్లవారుజామున త్రాగినది పగటి నిద్రను కూడ పాడుచేయును. అన్నిటికంటె ముఖ్యము, కన్నులు మూతపడుచున్నపుడు ఏ టీయు స్టీరింగును పట్టుకొనజాలదని తెలిసికొని బండిని ప్రక్కకు నిలుపుట.

ఇందులో పంచాయతీ చేయగలది కొంత కలదు. గ్రామములోని వసతిగృహమున పిల్లలకు రాత్రి భోజనము ఏ వేళకు పెట్టుచున్నారో సభ్యులు వెళ్లి చూడవచ్చును. తొమ్మిదికి పెట్టి తొమ్మిదిన్నరకు దీపములార్పుచున్నచో ఏడు గంటలకు మార్పుమని వార్డెనును కోరవచ్చును. గ్రామసభకు వేళ నిర్ణయించుట కూడ చిన్న విషయము కాదు.

మురుగు కాలువ తీర్మానముకొరకు ఆ గ్రామమున మరల సభ జరిగినది. ఈమారు సాయంకాలము ఐదు గంటలకు పిలిచిరి. వచ్చినవారికి ఎర్రగడ్డ ముక్కలు వేసిన మజ్జిగ ఇచ్చిరి. కాలువ ఎవరి ఇంటి ముందునుండి పోవలయునను విషయమున పెద్ద వాదమే జరిగినది. నిద్రపోయినవారొక్కరును లేరు. ఆనాడు సంగటిని నిందించిన సభ్యురాలే తన వాకిటి ముందు మూడడుగుల స్థలము విడుచుటకు ఒప్పుకొని, మిగిలినవారిచే ఒప్పించిరి. ఏడు గంటలకు సంతకములు ముగిసినవి. సంగటి అప్పటికింకను పొయ్యిమీదనే యుండెను.