మడ అడవిలో ప్రకృతి బాట: చట్టం, నిర్మాణ సూత్రాలు

కాకినాడ సమీపంలోని కోరింగ వన్యప్రాణి అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నది. అక్కడ సందర్శకులు మడచెట్ల నడుమ చెక్కబాటపై నడుస్తారు. ఇటువంటి నేలలో బాటను మట్టికట్టపై గాక స్తంభాలపై నిలుపుటకు గల కారణాలను విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించవలసి ఉన్నది.

తెల్లమడ, నల్లమడ చెట్ల శ్వాసవేర్లు బురదనుండి పైకి పొడుచుకొని వచ్చి గాలిని గ్రహిస్తాయి. మట్టి పోసినచో అవి పూడిపోయి చెట్లు ఎండిపోతాయి. కట్ట ఆటుపోట్లను అడ్డగించినచో లోపలి నేలలో ఉప్పదనం పెరుగుతుంది. రొయ్య, పీత పిల్లలు పెరిగే తావు తగ్గుతుంది. ఆ నష్టం చివరకు మత్స్యకారుల వలలోనే కనిపిస్తుంది.

చట్టపరమైన నిబంధనలు:

1. తీరప్రాంత నియంత్రణ మండల ప్రకటన, 2019: మడ అడవులు 1-ఎ వర్గానికి చెందుతాయి. ఆమోదిత తీరప్రాంత నిర్వహణ ప్రణాళికలో పర్యావరణ పర్యాటక పథకం చేరి ఉన్నప్పుడే ప్రకృతి బాటలకు అవకాశం ఉన్నది.

2. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, సెక్షన్ 29: అనుమతి లేకుండా అభయారణ్యంలో ఆవాసాన్ని ధ్వంసం చేయడం, నీటి ప్రవాహాన్ని మళ్ళించడం, ఆపడం నిషిద్ధం.

నిర్మాణ సూత్రాలు:

1. అమావాస్య, పౌర్ణమి పోటు సమయాలలో నీటి దారులను, ఎత్తును గుర్తించిన పిదపనే బాట గీత నిర్ణయించాలి.

2. చెట్లు నరకక, సహజమైన ఖాళీల వెంట స్తంభాలు నాటాలి.

3. పలకలను వెలుపల సిద్ధం చేసి, వెలుతురు దిగునట్లు సందులు విడిచి అమర్చాలి.

అనుమతి పత్రంతో బాధ్యత ముగియదు. ప్రతి వర్షాకాలానంతరం బాటకు ఇరువైపులా మొలకలను లెక్కించి పోల్చినప్పుడే బాట అడవికి హాని చేయలేదని నిర్ధారించగలము.