ఢిల్లీలో బయటి భోజనం: ఏం తినాలి, బిల్లు ఎలా చదవాలి?

దక్షిణ ఢిల్లీ పటం చూస్తే కటవారియా సరాయ్, బేర్ సరాయ్, జియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్ అనే పేర్లు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. సరాయ్ అంటే మన సత్రం లాంటిదే. బాటసారి ఆగి, తిని, పడుకుని, మర్నాడు సాగిపోయే చోటు. ఇప్పుడు సత్రాలు లేవు గానీ బాటసారులు మాత్రం తగ్గలేదు. ఒక పక్క ఐఐటీ, ఇంకో పక్క జేఎన్‌యూ, ఎదురుగా కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా కార్యాలయాలు, మధ్యలో ఇంజనీరింగ్ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు. ఇరుకు సందుల్లో నాలుగైదు అంతస్తుల పీజీలు. వాటిలో మన గుంటూరు, వరంగల్, కర్నూలు పిల్లలు ఎంతోమంది.

బదిలీ మీద ఢిల్లీ వచ్చి ఇక్కడే అద్దెకుంటున్నాను కాబట్టి ఊళ్లో ఉన్న సహోద్యోగుల నుంచి తరచు ఫోన్లు వస్తుంటాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "మావాడు కోచింగ్‌కి వస్తున్నాడండీ, తిండి సంగతి ఏమిటి?" శిక్షణకో, ఎల్‌టీసీ మీదో కుటుంబంతో వచ్చే వాళ్లదీ ఇదే ప్రశ్న. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మన పత్రికలో ఒకసారి పాఠంలా రాస్తే బాగుంటుందనిపించింది. రుచి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. రుచితో పాటు బిల్లు, ఆరోగ్యం గురించి కూడా చెప్పడం బ్యాంకువాళ్లుగా మన పద్ధతి.

మొదటి మెట్టు: మెస్సు, టిఫిన్ డబ్బా

కటవారియా సరాయ్‌లో చదువుకునే పిల్లల రోజువారీ తిండి మెస్సులోనే. నాలుగు రోటీలు, ఒక పప్పు, ఒక కూర, కాస్త అన్నం. మంగళవారం రాజ్మా, ఆదివారం ఛోలే అన్నట్టు వారం మెనూ గోడ మీద అంటించి ఉంటుంది. మనవాళ్లకు మొదట ఇబ్బంది పెట్టేది అన్నం. రోటీయే ప్రధానం, అన్నం చివర్లో కొద్దిగా. "అన్నం ఎక్కువ, రోటీ తక్కువ" అని మొదటి రోజే మెస్సువాడికి చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఒక సీసా ఆవకాయ, కందిపొడి, చిన్న డబ్బా నెయ్యి తెచ్చుకుంటే మిగతాది నడిచిపోతుంది.

అసలు జాగ్రత్త డబ్బు దగ్గర. మా మేనల్లుడు కిందటేడు కోచింగ్‌కి వచ్చి, తగ్గింపు ఇస్తామంటే ఒక మెస్సుకి మూడు నెలల డబ్బు ముందే కట్టాడు. అయిదో వారంలో మెస్సుకి తాళం పడింది. "రసీదు ఏదిరా?" అంటే, "ఇక్కడ ఎవరూ ఇవ్వరు మామయ్యా" అన్నాడు. అతను డబ్బు పంపిన యూపీఐ ఖాతా కూడా మెస్సు పేరు మీద కాక ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది. రెండు నెలల డబ్బు పోయింది, పరీక్ష ముందు పది రోజులు బ్రెడ్డూ అరటిపండ్లతో గడిపాడు. ఆ పది రోజుల నష్టం ముందు పోయిన డబ్బు చిన్నదే.

అందుకని పిల్లలకు చెప్పవలసినవి మూడు. మొదటి వారం ఏ పూటకాపూట డబ్బిచ్చి తిని చూడాలి. తరువాత నెలకు మించి ముందు కట్టకూడదు. కట్టినప్పుడు చిన్న కాగితం మీదైనా తేదీ, మొత్తం, సంతకం తీసుకోవాలి. ఊరికి వెళ్లిన రోజులకు డబ్బు తగ్గిస్తారో లేదో కూడా ముందే అడగాలి.

రెండో మెట్టు: ధాబా, పరాఠా బండి

ఇక్కడ రెండు మాటలు నేర్చుకోవాలి: హాఫ్ ప్లేట్, ఫుల్ ప్లేట్. దాల్ మఖనీ, పనీర్ కూరలు హాఫ్ ప్లేట్ ఇద్దరికి సరిపోతాయి. మన హోటళ్లలో భోజనం అంటే అన్నీ కలిపి ఒకటే ధర. ఇక్కడ రోటీ ఒక్కొక్కదానికి, రాయితాకి, అప్పడానికి వేరు వేరుగా ధర. అడగకుండా తెచ్చిన ఉల్లిపాయ ముక్కలు ఉచితం కావచ్చు, "గ్రీన్ సలాడ్" అంటే మాత్రం బిల్లులో పడుతుంది. నలుగురు కూర్చుని "పది రోటీలు" అని ఒకేసారి చెప్పకండి. నాలుగు తెప్పించుకుని, కావాలంటే మళ్లీ అడిగితే వేడిగానూ ఉంటాయి, మిగలకుండానూ ఉంటాయి. నవరాత్రుల్లో చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి లేని ప్రత్యేక థాలీ పెడతారు. ఒకసారి తిని చూడండి, బాగుంటుంది.

వేసవిలో ఢిల్లీ ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. అప్పుడు కోసి పెట్టిన పండ్లు, రోడ్డు మీది ఐసు, పొద్దున చేసిన పచ్చి చట్నీ వద్దు. కళ్లముందు పెనం మీద కాల్చిన పరాఠా, పొగలు కక్కే ఛోలే మేలు. పరీక్షకు వారం ముందు కొత్త చోట తినకూడదన్నది మా ఇంట్లో పిల్లలకు పెట్టిన నియమం.

మూడో మెట్టు: మన ఊరి రుచి

ఢిల్లీలో తెలుగువాడికి బెంగ పుడితే దారి అశోకా రోడ్డుకే. ఇండియా గేట్ దగ్గరి ఆంధ్రా భవన్ క్యాంటీన్ పేరు ఉత్తరాదివాళ్లకు కూడా బాగా తెలుసు. ముందు కౌంటరులో డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లాలి. స్టీలు పళ్లెంలో పప్పు, కూర, సాంబారు, రసం, పచ్చడి, పొడి, పెరుగు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మాంసం వేపుళ్లు విడిగా తీసుకోవాలి. ఆదివారం బిర్యానీ కోసం వచ్చే జనాన్ని చూస్తే తిరునాళ్లు గుర్తొస్తాయి. ఆ రోజు పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకెళ్లేవాళ్లు కాస్త పెందరాళే బయలుదేరడం మంచిది. హౌజ్ ఖాస్ నుంచి పసుపు లైను మెట్రోలో సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగి ఆటో పట్టుకోవచ్చు.

అదే లైనులో ఐఎన్ఏ స్టేషను పక్కనే దిల్లీ హాట్ ఉంది. 1994లో మొదలైన ఈ ప్రాంగణంలో రకరకాల రాష్ట్రాల వంటల దుకాణాలు ఒకేచోట ఉంటాయి. ప్రవేశానికి టికెట్టు ఉంది. పిల్లలకు దేశపటం నేర్పడానికి ఇంతకంటే రుచికరమైన పాఠశాల లేదు.

నాలుగో మెట్టు: చరిత్ర ఉన్న భోజనశాలలు

జామా మసీదు పక్క సందులోని కరీమ్స్ 1913 నాటిది. కబాబులు, నిహారీ దాని పేరు నిలబెట్టాయి. అక్కడికి సెంట్రల్ సెక్రటేరియట్‌లో ఊదారంగు లైనుకి మారి జామా మసీదు స్టేషనులో దిగాలి. దర్యాగంజ్‌లోని మోతీ మహల్ కథ దేశ విభజనతో ముడిపడింది. పెషావర్ నుంచి కాందిశీకుడిగా వచ్చిన కుందన్ లాల్ గుజ్రాల్ పేరు, తందూరీ చికెన్ పేరు కలిసే వినిపిస్తాయి. బటర్ చికెన్‌ను ఎవరు ముందు కనిపెట్టారన్న తగాదా 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. శాకాహారులకు చాందినీ చౌక్‌లో పరాఠేవాలీ గలీ ఉంది. ఇల్లు, ఊరు పోగొట్టుకుని వచ్చినవాళ్లు వంటనే ఆస్తిగా పెట్టుబడి పెట్టి నిలదొక్కుకున్న నగరం ఇది. మజ్నూ కా టీలాలో టిబెటన్ల తుక్పా, మోమోలు, హుమాయూన్‌పూర్‌లో ఈశాన్య రాష్ట్రాల వంటలు, లాజ్‌పత్ నగర్‌లో అఫ్గాన్ రొట్టెలు కూడా ఇక్కడ దొరుకుతాయి. తెలియని వంటకం అయితే "ఇందులో ఏ మాంసం ఉంది?" అని అడగడం మర్యాదకు లోపం కాదు. వాళ్లు ఓపికగానే చెబుతారు.

అసలు పాఠం: బిల్లు చదవడం

ఏసీ రెస్టారెంటుకి వెళ్లే కుటుంబాలు ఈ భాగం జాగ్రత్తగా చదవాలని మనవి.

పన్ను: 2017 నవంబరు 15 నుంచి ఏసీ ఉన్నా లేకపోయినా మామూలు రెస్టారెంటు భోజనం మీద జీఎస్టీ 5 శాతమే. బిల్లులో 2.5 శాతం కేంద్ర పన్ను, 2.5 శాతం రాష్ట్ర పన్ను అని రెండు వరుసల్లో కనిపిస్తుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం ఉంటుంది. ఇక కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు తమ పన్ను తామే కట్టాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి. జీఎస్టీ సంఖ్యలో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఢిల్లీకి 07, గురుగ్రామ్ ఉన్న హర్యానాకు 06, నోయిడా ఉన్న ఉత్తరప్రదేశ్‌కు 09. మన తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37.

సర్వీసు చార్జి: ఇది పన్ను కాదు, ప్రభుత్వానికి చేరదు. వినియోగదారుల రక్షణ కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దీన్ని అడగకుండా బిల్లులో కలపకూడదు, వేరే పేరుతో తీసుకోకూడదు, ఇవ్వమని బలవంతపెట్టకూడదు. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. సంఘాలు ఆ తీర్పుపై అప్పీలు చేశాయి.

ఒక లెక్క చూద్దాం. నలుగురి భోజనం 1,600 రూపాయలు అనుకోండి.
సర్వీసు చార్జి 10 శాతం కలిపితే: 1,600 + 160 = 1,760. దాని మీద 5 శాతం పన్ను 88. మొత్తం 1,848.
సర్వీసు చార్జి లేకుండా: 1,600 మీద పన్ను 80. మొత్తం 1,680.
తేడా 168. అంటే చార్జి 160తో ఆగలేదు, దాని మీద పన్ను మరో 8 రూపాయలు పడింది.

వడ్డించినవాడు శ్రద్ధగా చూసుకుంటే మనసారా యాభయ్యో వందో అతని చేతికే ఇవ్వండి. అది మన ఇష్టం, అతనికి గౌరవం. చార్జి తీసేయమని అడగడానికి మాత్రం మొహమాటం వద్దు. మొన్న మా ఆవిడ ఒకచోట మెల్లగా, "భయ్యా, సర్వీస్ చార్జ్ హటా దీజియే" అంది. మేనేజరు మారుమాట లేకుండా కొత్త బిల్లు తెచ్చాడు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కి ఫోను చేయవచ్చు.

నీళ్ల సీసా: దుకాణంలో ముద్రిత ధర కంటే ఎక్కువ తీసుకోకూడదు. కానీ రెస్టారెంటులో కూర్చోబెట్టి వడ్డించడం సేవ కిందికి వస్తుంది కాబట్టి ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక అక్కడ తగాదా పడి లాభం లేదు. కూర్చోగానే "సాదా పానీ" అని చెప్పండి, లేకపోతే సీసా మూత తెరుచుకుంటుంది.

ఆహార లైసెన్సు: బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల సంఖ్య ఉండాలి. ఆహారంలో లోపం కనిపిస్తే ఫొటో తీసి, బిల్లు దాచి, ఆ సంఖ్యతో "ఫుడ్ సేఫ్టీ కనెక్ట్" యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు లేకపోతే ఫిర్యాదుకు బలం ఉండదు.

చెల్లింపు: క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు చూసి, ఆ తరువాతే పిన్ కొట్టాలి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదని పిల్లలకు పదిసార్లయినా చెప్పండి. ఖాతాలో డబ్బు తగ్గి దుకాణదారుకి చేరకపోతే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజుల్లోగా అది తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఉంది. ఇది మనం కౌంటరులో ఖాతాదారులకు చెప్పేదే, ఇంట్లోవాళ్లకు కూడా చెబుదాం.

నెల బడ్జెట్టులో బయటి భోజనం

మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది. నెల మొదట్లో బయటి తిండికి ఒక మొత్తం పక్కన పెడతాం. దాన్ని నాలుగు ఆదివారాలకు పంచుతాం. రెండు ఆదివారాలు ధాబానో క్యాంటీనో, ఒకటి కొత్త ప్రాంతపు వంట, ఒకటి పిల్లలు అడిగిన చోటు. బిల్లు చదివి, పన్ను సరిచూసి, మొత్తం చెప్పడం మా ఎనిమిదో తరగతి అమ్మాయి పని. శాతాల లెక్క పుస్తకంలో కంటే అక్కడ తొందరగా వచ్చింది. మిగిలిన పదార్థం "ప్యాక్ కర్ దీజియే" అని ఇంటికి తెచ్చుకుంటాం. అందులో నామోషీ ఏమీ లేదు.

ఢిల్లీకి బదిలీ అయిన మిత్రులు, కోచింగ్‌కి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు ఈ వ్యాసాన్ని వాళ్ల ఫోనులో దాచి ఉంచితే ఉపయోగపడుతుంది. ముఖ్యంగా పిల్లలతో ఫోనులో "తిన్నావా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఎక్కడ తిన్నావు, ఎంతయింది, కడుపు బాగుందా?" అని కూడా అడగండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు సరిగ్గా వస్తుంటే వాడు ఈ నగరంలో కుదురుకున్నట్టే.