తళుకు తెచ్చు ముప్పు

అనకాపల్లి చుట్టుపట్ల బెల్లము వండు ఇనుప పెనమును మీరు చూచియుందురు. తోమిన లోపలి భాగము ఎండలో దూరమునకు మెఱయును. మసిపట్టిన అడుగు మెఱయదు. లోహ మొక్కటియే; భేదము పైపొరలో నున్నది. నునుపైన తలముపై బడిన కిరణములు ఒకే దిక్కునకు మరలి, అచ్చటి కంటికి తళుక్కుమనును. గరుకు తలము వానిని నలుదిక్కులకు చెదరగొట్టును. మసి వానిలో నధికభాగమును మ్రింగివేయును.

1948వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన ఎన్.సి.సి.లో చేరిన బాలురును బాలికలును ఈ సూత్రము నెఱుగవలెను. కవాతునందు ఇత్తడి బకిలు మెఱయుట శోభ; అడవిలో ఆ మెఱపే శత్రువునకు సైగ. కావున బకిలును గుడ్డతో కప్పవలెను. గడియారపు అద్దమును చొక్కాచేతి క్రింద దాచవలెను.

చర్మమును మెఱయును. చెమటయు జిడ్డును దానిని నునుపు చేయును. నుదురు, ముక్కు, బుగ్గల యెముకలు, గడ్డము ముందుకు వచ్చియుండుటచే మొదట వెలుగును పట్టును. అచ్చట ముదురు రంగును, కనుల క్రింది పల్లములలో లేత రంగును పూయవలెను. నల్లని మేనివారికిని ఇది తప్పదు; ఏలయన చర్మపు నిగనిగయు బయటపెట్టును. మెడ, చెవులు, చేతులు మఱువరాదు. చెమట పూతను కరగించును గనుక మరల మరల సరిచూడవలెను.

ఎవని ముఖము వానికి గనబడదు. ఒక్కని నుదుటి తళుకు జట్టునంతటిని పట్టియిచ్చును. కావున బయలుదేరుటకు ముందు ఒకరినొకరు పరీక్షించుకొనుట విధి.